లైటు డిమ్మయితే బల్బు మార్చకండి, ముందు ఎర్త్ చూడండి



ఈసారి వీడియోలో జీవామృతం లేదు, కషాయం లేదు. మా పాత పికప్ బండి వెనక లైటు ఉంది. వ్యవసాయం మానేసి మెకానిక్ అయ్యాడని నవ్వుకోకండి. పండించిన సరుకు కొండ దిగితేనే కదా మనకి నాలుగు డబ్బులు. తెల్లారేసరికి విశాఖ రైతు బజారులో ఉండాలంటే అరకులో అర్ధరాత్రే బయల్దేరాలి. గాలికొండ, అనంతగిరి, డముకు, టైడా... అంతా ఘాట్ రోడ్డే. చలికాలం మంచులో ముందు బండి ఎర్ర లైటే మనకి దారి.

పోయిన చలికాలం మా బండికి ఆ ఎర్ర లైటే ఆరిపోయింది. నాకు తెలీదు. ఒక మలుపులో వెనక వస్తున్న లారీ బారెడు దూరంలో ఆగింది. వెనక రాజ్‌మా బస్తాల మీద మా ఊరోళ్ళు ఇద్దరున్నారు. ఆ బ్రేకు చప్పుడు ఇంకా నా చెవిలోనే ఉంది.

బండి ముందునుంచీ చెప్తూనే ఉంది, నేనే వినలేదు. హెడ్‌లైట్లు డిమ్మయితే బల్బులు మార్చాను. వెలుగు పెరగలేదు. 60/55 వాట్ల బల్బులు తీసి 100/90వి వేశాను. 55 వాట్ల బల్బు 12 వోల్టుల మీద నాలుగున్నర ఆంపియర్ల పైచిలుకు లాగితే, 90 వాట్లది ఏడున్నర లాగుతుంది. అదే సన్నని వైరులో వేడి రెండున్నర రెట్లు దాటుతుంది. స్విచ్చు దగ్గర కాలిన వాసన వచ్చింది, వెలుగు మాత్రం రాలేదు.

చివరికి ఎస్.కోటలో ఒక పెద్దాయన, ఎలక్ట్రీషియన్, చూసి ఒకటే మాట అన్నాడు: "కరెంటు వస్తోంది బాబూ, తిరిగెళ్ళడానికే దారి లేదు."

బ్యాటరీ నెగిటివ్ నుంచి ఛాసిస్‌కి వెళ్ళే పట్టీ, వెనక లైటు ఎర్త్ స్క్రూ రెండూ పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. ఎందుకో తెలుసా? మన గోమూత్రం డ్రమ్ములు! అందులో ఉప్పులుంటాయి, నిలవయ్యేకొద్దీ అమ్మోనియా పుడుతుంది. రాగికీ ఇత్తడికీ అది పడదు. ఏళ్ళ తరబడి ట్రాలీలో ఒలికింది మన చేతులతోనే.

మీరే చూసుకోవచ్చు. లైటు వేసి ఉంచండి. మల్టీమీటరు ఎర్ర పిన్ను బల్బు ఎర్త్ వైరుకి, నల్ల పిన్ను బ్యాటరీ నెగిటివ్‌కి పెట్టండి. సున్నాకి దగ్గరగా ఉండాలి. అర వోల్టు దాటితే దోషం ఎర్త్‌లో ఉన్నట్టే. బ్రేకు తొక్కితే ఇండికేటరు మసగ్గా వెలుగుతోందా? అదీ చాలావరకు ఎర్త్ గుర్తే. ఇండికేటరు గబగబా కొట్టుకుంటే ఆ పక్క బల్బు పోయుండొచ్చు. బ్యాటరీ వైరు విప్పి, ఎర్త్ చోట్లు గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన గ్రీజు పూయండి. నాకు ఒక పూట పట్టింది. మళ్ళీ పాత 55 వాట్ల బల్బులే వేశాను, రోడ్డు తెల్లగా కనిపించింది.

నా అభిప్రాయం ఇది. ఆకు పసుపుబారగానే మందు కొట్టొద్దు, నేల చూడమని పదిమందికీ చెప్పే మనం, బండి దగ్గరికొచ్చేసరికి మందు కొట్టే రైతులమే అవుతున్నాం. పెద్ద బల్బు అలాంటి మందే. పోయిన ఫ్యూజుకి రాగి తీగ చుట్టడం అంతకన్నా తప్పు. ఫ్యూజు కాలితే పది రూపాయలు, వైరింగు అంటుకుంటే బండే పోతుంది.

సంతకెళ్ళేవాళ్ళని ట్రాలీలో ఎక్కించుకోవడం మన కొండల్లో మామూలే. వేరే బండి దొరకదు, నిజమే. కానీ అది సరుకు బండి, మనుషుల బండి కాదు. వెనక లైటు వెలగని రోజు అయితే అస్సలు ఎక్కించకండి. అన్నా అని బతిమాలినా సరే. నేను ఇప్పుడు బయల్దేరే ముందు ఒక పిల్లాణ్ణి వెనక నిలబెట్టి బ్రేకు తొక్కుతాను. "వెలిగింది మావా" అంటేనే గేరు వేస్తాను.

డ్రమ్ములకి మూతలు బిగించండి. దించాక ట్రాలీ కడగండి. మిగతాది వీడియోలో చూడండి.