కొండను తిన్నదెవరు?

ఈ మధ్య ఒక పెళ్ళిలో, భోజనాలయ్యాక నలుగురం ఒకచోట కుర్చీలు లాక్కుని కూర్చున్నప్పుడు, ఉద్యోగ విరమణ చేసిన ఒక పెద్దాయన నౌరు కథ చెప్పారు. చక్కగా చెప్పారు, ఆ మాట ఒప్పుకోవాలి. పసిఫిక్ మహాసముద్రంలో ఒక చిన్న దీవి. దాని నిండా ఎరువు రాయి. ఆ రాయి అమ్ముకుని ప్రపంచంలోకెల్లా ధనవంతులైన జనం. పన్నుల్లేవు, చదువు ఉచితం, వైద్యం ఉచితం. కార్లు కొన్నారు, తిన్నారు, లావెక్కారు, చక్కెరజబ్బు తెచ్చుకున్నారు. రాయి అయిపోయింది, ఇప్పుడు చేయి చాస్తున్నారు. "కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి" అని ముక్తాయించి, ఆయన మన ఉచిత పథకాల మీదికి మళ్ళారు. అందరూ తలలూపారు. పెళ్ళివారింట పెద్దాయనతో వాదమెందుకని నేనూ ఊపాను. ఆ ఊపిన తల వారం రోజులుగా నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు.

ఎందుకంటే ఆ కథ అబద్ధం. అందులోని ఒక్కొక్క వాక్యం విడివిడిగా దాదాపు నిజమే. నౌరు దీవి వైశాల్యం 21 చదరపు కిలోమీటర్లు, జనాభా సుమారు పన్నెండు వేలు. దీవి విస్తీర్ణంలో సుమారు ఐదింట నాలుగు వంతులు తవ్విపోశారు. మిగిలింది తీరం వెంట సన్నని పచ్చని అంచు. లోపల, నౌరువాసులు 'టాప్‌సైడ్' అని పిలిచే మెట్టలో, తెల్లగా పళ్ళలా పైకి లేచిన సున్నపురాతి మొనలు. అక్కడ పంట లేదు, నడవడానికి దారి కూడా లేదు. కొండ కరిగిన మాట వాస్తవం. నా పేచీ అంతా ఆ సామెతలోని మొదటి మాటతోనే. కూర్చున్నదెవరు? తిన్నదెవరు?

ఈ కథ నౌరులో కాక సిడ్నీలో మొదలవుతుంది. నౌరు నుంచి తెచ్చిన ఒక రాయి అక్కడి కంపెనీ కార్యాలయంలో తలుపు కొట్టుకోకుండా అడ్డంగా పడి ఉండేది. శిలగా మారిన కొయ్య అనుకునేవారు. 1899లో ఆల్బర్ట్ ఎల్లిస్ అనే ఉద్యోగికి అనుమానం వచ్చి పరీక్షిస్తే అది మేలురకం ఫాస్ఫేట్ అని తేలింది. దీవి అప్పటికి జర్మనీ అధీనంలో ఉంది. కొన్నేళ్ళలోనే తవ్వకం మొదలైంది. భూమి సొంతదారుకు మొదట్లో దక్కినది టన్నుకు అర పెన్నీ. 1914లో ఆస్ట్రేలియా సైన్యం దీవిని పట్టుకుంది. 1919లో బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఒక ఒప్పందం చేసుకుని, కంపెనీని 35 లక్షల పౌండ్లకు కొనేసి, 'బ్రిటిష్ ఫాస్ఫేట్ కమిషనర్లు' అనే సంస్థను నిలబెట్టాయి. వాటాలు కూడా రాసుకున్నాయి: బ్రిటన్‌కు 42, ఆస్ట్రేలియాకు 42, న్యూజిలాండ్‌కు 16 శాతం. ఆ మూడు దేశాల రైతులకు ఫాస్ఫేటును తవ్వకం ఖర్చులు రాబట్టే ధరకు అమ్మాలి, అంతే. లోకంలో దాని ధర ఎంత పలుకుతుందన్నది లెక్కలోకే రాదు.

ఈ ఏర్పాటును ఒక్క క్షణం ఆగి చూడండి. కొనేవాడూ వాడే, ధర కట్టేవాడూ వాడే, దీవిని పాలించేవాడూ వాడే. ఆ పైన, నానాజాతి సమితి ఆదేశం ప్రకారం దీవి ప్రజల క్షేమానికి ధర్మకర్త కూడా వాడే. మన పల్లెల్లో ధాన్యం కొలిచే షావుకారును గురించి ఎన్ని కథలు రాసుకున్నామో! ఆ షావుకారుకు కూడా ఇంత వెసులుబాటు దక్కలేదు. ఆస్ట్రేలియా గోధుమ పొలాలూ, న్యూజిలాండ్ పచ్చికబయళ్ళూ ఏపుగా పెరిగింది ఈ చౌక రాయి పొడితోనే. పెద్దాయన చెప్పిన 'కూర్చుని తినడం' ఎక్కడ జరిగిందో ఇప్పుడు మీరే చెప్పండి. ఆ దేశాల రైతులను సోమరులని ఏ నీతికథా అనలేదు. అనకూడదు కూడా, పాపం వారు కష్టపడ్డవారే. నౌరువాసికి మాత్రం ఆ మన్నన దక్కలేదు.

నౌరువాసులకు లెక్కలు రావని మరో ఆరోపణ వింటుంటాను. లెక్కను పండుగ చేసుకునే జాతి లోకంలో ఇంకొకటి ఉందో లేదో నాకు తెలియదు. జబ్బుల వల్ల జనం క్షీణించిపోతున్న కాలంలో, జాతిగా మిగలాలంటే కనీసం పదిహేను వందల మంది ఉండాలని అనుకున్నారు. 1932లో ఆ సంఖ్య నిండింది. ఆ రోజును 'అంగం' అన్నారు. ఇప్పటికీ ఏటా అక్టోబరు 26న జరుపుకుంటారు. తర్వాత యుద్ధం వచ్చింది. 1942లో దీవిని ఆక్రమించిన జపాన్ సైన్యం 1,200 మంది నౌరువాసులను ట్రక్ దీవులకు తరలించి వెట్టిచాకిరీ చేయించింది. కుష్ఠురోగులు 39 మందిని పడవలో సముద్రం మీదికి పంపి చంపేసింది. 1946 జనవరి 31న ట్రక్ నుంచి తిరిగి వచ్చినవారు 737 మంది. 1932లో పుట్టిన ఆ పదిహేను వందలవ బిడ్డ తిరిగి రాలేదు. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చారు. 1949లో మళ్ళీ పదిహేను వందలు నిండాయి. తలలు ఇంత శ్రద్ధగా లెక్కపెట్టుకున్న మనుషులకు టన్నులు లెక్కపెట్టడం చేతకాలేదంటే నేను నమ్మను. టన్నుల ఖాతా పుస్తకం వారి చేతికి ఇవ్వలేదు, అదీ సంగతి.

రాయి ఎప్పటికైనా అయిపోతుందని పాలకులకు తెలుసు. అందుకని 1964లో మంచి ఉపాయం చెప్పారు: ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ తీరాన కర్టిస్ దీవి ఉంది, అందరూ అక్కడికి తరలిపొండి. తరలిపోతే మా జెండా, మా ప్రభుత్వం ఉంటాయా అని నౌరువాసులు అడిగారు. ఉండవన్నారు. అయితే రామన్నారు. దాదాపు మూడు వందల కిలోమీటర్ల దూరంలోని బనాబా దీవిని ఇదే సంస్థ తవ్వి, అక్కడి ప్రజలను ఫిజీలోని రాబి దీవికి చేర్చిన ఉదంతం వారి కళ్ళెదుటే ఉంది. డబ్బు ఎరగా చూపితే లొంగే సోమరులైతే ఆనాడే ఓడ ఎక్కేవారు. 1968 జనవరి 31న, ట్రక్ నుంచి ఇల్లు చేరిన రోజునే ఎంచుకుని, హామర్ డిరోబర్ట్ నాయకత్వంలో స్వతంత్రులయ్యారు. తమ నేలను తవ్వే యంత్రాలను 2.1 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లిచ్చి కొనుక్కున్నారు.

ఇక్కడితో ఆపితే నాదీ ఇంకో నీతికథే అవుతుంది: తెల్లవాడు దోచాడు, నల్లవాడు ఏడ్చాడు అని. అలా ఆపడం నౌరు పాలకులకు మహా ఇష్టం కూడా. కనుక ఆపను. తవ్వకం జరిగిన నేలలో స్వాతంత్ర్యానికి ముందు తవ్వింది సుమారు మూడో వంతు మాత్రమే. మిగతా అంతా స్వతంత్ర నౌరే తవ్వుకుంది. ఈసారి ధర బాగా వచ్చింది. వచ్చినదానిలో కొంత భావితరాల కోసం 'నౌరు ఫాస్ఫేట్ రాయల్టీల ట్రస్టు'లో వేశారు. ఉచ్చదశలో దాని విలువ వంద కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు దాటింది. రాయి తరుగుతుంటే డబ్బు పెరగాలి. ఆలోచన దివ్యమైనది. నార్వే తన చమురు డబ్బుతో చేసిందీ ఇదే.

మరి నార్వేలో నిలిచినది నౌరులో ఎందుకు ఆవిరైంది? ట్రస్టు పుస్తకాలు జనం ముందుకు రాలేదు. మెల్బోర్న్ కాలిన్స్ వీధిలో 52 అంతస్తుల 'నౌరు హౌస్' 1977లో లేచింది. అక్కడివారు దాన్ని పక్షిరెట్టల మేడ అని వేళాకోళం చేసేవారు. ప్రభుత్వం తన లోటు పూడ్చుకోవడానికి ట్రస్టు ఆస్తులను తాకట్టు పెట్టి అప్పులు తెచ్చింది. దేశంలోని మనుషులకంటే ఎక్కువ సీట్లున్నాయేమో అనిపించేలా విమానాలు నడిపి నష్టపోయింది. 1993లో లండన్‌లో లియొనార్డో డావిన్సీ ప్రేమకథ మీద ఒక సంగీత నాటకానికి పెట్టుబడి పెట్టింది. అవును, మీరు సరిగ్గానే చదివారు. ఆ నాటకం కొన్ని వారాలాడి మూతపడింది. ఈ నాటకం పెట్టమని ఏ నౌరు జాలరి అడిగాడు? సలహాదారు చెప్పాడు, మంత్రులు సంతకం చేశారు, ప్రారంభ ప్రదర్శనకు విమానమెక్కి వెళ్ళారు. 2004లో అప్పులవాళ్ళ తరఫున రిసీవర్లు వచ్చి నౌరు హౌస్‌ను అమ్మేశారు. 2005 డిసెంబరులో మిగిలిన ఒక్క విమానాన్నీ జప్తు చేశారు.

అందుకే 'ఉచితం' అన్న మాట దగ్గర నాకు ఒళ్ళు మండుతుంది. నౌరులో ఆసుపత్రి ఉచితం కాదండీ. కాళ్ళ కింది నేలను ఓడలకెత్తి, దాని వెలతో కట్టుకున్న ఆసుపత్రి అది. ట్రస్టులో ఉన్నదాంట్లో నేల సొంతదారుల రాయల్టీ సొమ్ము కూడా ఉంది, వారి సొంత డబ్బు. దాన్ని ముంచినది పేదవాడి మందుబిళ్ళ కాదు, ఎవరికీ జవాబు చెప్పనక్కరలేని సంతకం. చక్కెరజబ్బు సంగతీ అంతే. తోటల నేల పోయి, తిండి అంతా ఓడల్లో డబ్బాలుగా దిగుమతయ్యే చోట దాన్ని తిండిపోతుతనమని ఎగతాళి చేయడానికి మనకు నోరెలా వస్తుందో! మన ఇళ్ళలో మాత్రం మాత్రలు మింగనివారెందరు?

పాత పాలకులను కోర్టుకీడ్చిన ఘనత కూడా నౌరుదే. శ్రీలంక న్యాయకోవిదుడు వీరమంత్రి అధ్యక్షతన విచారణ సంఘం వేసి, 1989లో ఆస్ట్రేలియా మీద అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్ళింది. 1992లో ఆస్ట్రేలియా అభ్యంతరాల్లో ముఖ్యమైనవాటిని న్యాయస్థానం తోసిపుచ్చింది. మరుసటి ఏడు ఆస్ట్రేలియా 10.7 కోట్ల డాలర్లకు రాజీపడింది. బ్రిటన్, న్యూజిలాండ్ చెరి 1.2 కోట్లు దానికి జోడించాయి. ఒక మండలమంత లేని దేశం సాధించిన విజయమిది. నీతికథలో దీని ఊసే ఉండదు. కానీ చెక్కేసిన నేలను పూడ్చడానికని వచ్చిన ఆ డబ్బుకు తగ్గ పచ్చదనం టాప్‌సైడ్‌లో కనబడదు. ఈ వాక్యం రాయడానికి నాకేమీ సరదాగా లేదు.

రాయి తరిగాక అమ్మినది సార్వభౌమత్వం. ఒకే తపాలా పెట్టె చిరునామా మీద వందల బ్యాంకులు పుట్టాయి. 1998లో రష్యా నుంచి 7,000 కోట్ల డాలర్లు నౌరు బ్యాంకుల ద్వారా సాగిపోయాయని ఆ దేశపు కేంద్ర బ్యాంకు అధికారి ఒకరు చెప్పారు. ఆ సొమ్ములో దీవి జనం కంటపడింది ఏమీ లేదు. తైవాన్‌ను వదిలి 2002లో చైనాను, 2005లో మళ్ళీ తైవాన్‌ను, 2024లో మళ్ళీ చైనాను గుర్తించింది. 2021లో ఒక కెనడా కంపెనీ కోసం సముద్రగర్భ ఖనిజాల తవ్వకానికి నిబంధనలు తేల్చమని అంతర్జాతీయ సంస్థకు రెండేళ్ళ గడువు పెట్టింది. నేల అయ్యాక నీటి అడుగు.

అన్నిటికన్నా పెద్ద బేరం మనుషులది. 2001లో టాంపా అనే ఓడ కాపాడిన 433 మంది శరణార్థులను తన గడ్డ మీద దిగనివ్వని ఆస్ట్రేలియా, వారిలో చాలామందిని నౌరుకు పంపి, ముందుగా రెండు కోట్ల డాలర్లిచ్చింది. శిబిరం 2008లో మూతపడి, 2012లో మళ్ళీ తెరుచుకుంది. దేశ ఆదాయం ఆ శిబిరం మీద ఆధారపడ్డాక ఏం జరిగిందో గమనించండి. 2014లో న్యాయాధికారిని దేశం నుంచి పంపేశారు, విదేశంలో ఉన్న ప్రధాన న్యాయమూర్తి వీసా రద్దుచేసి తిరిగి రానివ్వలేదు. అయిదుగురు ప్రతిపక్ష సభ్యులను సభ నుంచి తప్పించారు. విలేకరి వీసా రుసుమును 200 డాలర్ల నుంచి 8,000 చేశారు. 2018లో ఆస్ట్రేలియా హైకోర్టుకు అప్పీలు చేసుకునే దారిని మూసేశారు. ఒక్కటొక్కటిగా, ప్రశ్నించగల ప్రతి నోటినీ. కాన్‌బెర్రా ఏం చేసిందంటారా? నౌరు ఆంతరంగిక వ్యవహారమంది. మూడో ఊరివాడికి చావిడి అద్దెకిచ్చినవాడు లోపల ఏం జరుగుతోందని అడగడు. అద్దెకు పుచ్చుకున్నవాడు ఇంటివాడి తగాదాల్లో వేలు పెట్టడు. 1919 నాటి ధర్మకర్తకూ ఇతనికీ తేడా నాకు కనబడదు.

2025లో ఇంకో ఒప్పందం జరిగింది. ఆస్ట్రేలియాలో ఉండే హక్కు లేదన్న మూడు వందల పైచిలుకు మందిని నౌరు తీసుకోవాలి, ముందుగా 40.8 కోట్ల డాలర్లు, ఆపైన ఏటా 7 కోట్లు ముడతాయి. సంతకాలు జరిగిననాడు ఒప్పంద పాఠాన్ని బయటపెట్టలేదు. పన్నెండు వేలమంది ఇంటి ముంగిట ఎవరిని దింపబోతున్నారో, వచ్చే సొమ్ము ఏ ఖాతాలో పడుతుందో, ఆ ఇంటివాళ్ళు పొరుగుదేశపు ప్రకటనలు చదివి తెలుసుకోవాలి.

పెద్దాయన ఫోన్ నంబరు పెళ్ళివారి దగ్గర తీసుకున్నాను. ఆదివారం మాట్లాడదామనుకుంటున్నాను. ఉచిత పథకాల మీద ఆయన అభిప్రాయాన్ని మార్చడం నావల్ల కాదు, ఆ పని పెట్టుకోను. 1919 నుంచి 1967 దాకా ఆ కొండ ఎవరి పొలంలో పడిందో మాత్రం అడుగుతాను.