బహానాలు కట్ చేద్దాం

"భాయీ, ఎడిటింగ్ సిస్టమ్‌కి రెండు లచ్చలు కావల్ల, యాడ తెచ్చేది?" గండికోట జామియా మసీదు దగ్గర ఒక తమ్ముడి సవాల్. నా జవాబ్: ఇది బహానా.

లెక్క చూడండి. సెకనుకు 50 మెగాబిట్ల ఫుల్ హెచ్‌డీ వీడియో అంటే ఆరుంపావు ఎంబీ. గంటకు ఇరవై రెండున్నర జీబీ. మామూలు హార్డ్ డిస్కే ఆ బరువు మోస్తుంది. అసలు తకలీఫ్ ప్రాసెసర్‌కి. దానికీ ఇలాజ్ ఉంది: ప్రాక్సీ. చిన్న సైజు నకలు మీద కత్తిరించి, చివర్లో అసలు ఫైళ్ళతో ఎక్స్‌పోర్ట్ చెయ్యడం. సెకండ్‌హ్యాండ్ డెస్క్‌టాప్, 16 జీబీ ర్యామ్, ఒక ఎస్‌ఎస్‌డీ చాలు. కెడెన్‌లైవ్ ముఫ్త్. మంచి గ్రాఫిక్స్ కార్డుంటే డావిన్చీ రిజాల్వ్ కూడా ముఫ్తే. ఇంక చోరీ సాఫ్ట్‌వేర్ ఎందుకు?

కర్జా తెచ్చి కొన్న మిషన్ కిస్తుల కోసం మనతో నిఖా వీడియోలే కోయిస్తుంది. మన కథకు ఫుర్సత్ ఇవ్వదు.

బయటోళ్ళు డ్రోన్లతో వస్తారు, పెన్నా లోయ తీసుకుపోతారు. మసీదుకు మూడు సెకన్లు. రిజర్వాయర్ నీళ్ళలో మునిగిన తాళ్ళప్రొద్దుటూరుకు అదీ లేదు. కత్తెర ఎవరి చేతిలో ఉంటే తవారీఖ్ వాళ్ళదే.

మునిగిన ఊళ్ళ గురించి మన నానీమాలు చెప్పిన మాటలు ఫోన్లలో పడున్నాయి. ఫోన్ పగిలితే ఖతం. ముందు వాటిని ఇంకో డిస్కులోకి నకలు తియ్యండి. జుమ్మా నమాజ్ అయినాక కూర్చుని కోద్దాం, ఇన్షా అల్లాహ్.