ఎక్కడివారిని ఎక్కడ విచారించాలి?



కోతల కాలములో ఒక ఆదివారము ఆరాధన ముగిసి అందరు ఇళ్ళకు వెళ్ళిన తరువాత మా సంఘపెద్ద ఒకరు, ఆయన భార్య గుడి వరండాలోనే నిలిచిపోయారు. ఆయన చేతిలో పెద్ద కవరు ఉన్నది. వారి అమ్మాయి వివాహము మా గుడిలో మేమే జరిపించాము. అల్లుడికి అమెరికాలో ఉద్యోగము. అమ్మాయి మూడేళ్ళు అక్కడ కాపురము చేసి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. బిడ్డ పుట్టి ఏడాది దాటినా తీసికొని వెళ్ళేందుకు అతడు రాలేదు. ఈలోగా కాపురమున్న రాష్ట్రము విడిచి మరొక రాష్ట్రమునకు మారి, అక్కడి కోర్టులో విడాకులకు, బిడ్డను తనకు అప్పగించుటకు దావా వేశాడు. ఆ రాష్ట్రములో మా అమ్మాయి ఒక్కనాడైనా అడుగు పెట్టలేదు.

"అయ్యగారూ, పిల్ల ఇక్కడుంటే అక్కడి జడ్జిగారు తీర్పు ఎట్లా చెప్తారండీ? ఈ కవరు పొయ్యిలో పడేస్తే ఏమవుతుందండీ?" అని ఆ తల్లి అడిగింది.

ఆ రోజున మా దగ్గర జవాబు లేదు. ప్రార్థన చేసి పంపించాము. తరువాత పట్టణములో విశ్వాసియైన ఒక ప్లీడరుగారిని పలుమార్లు కలిసి, ఆయన ఇచ్చిన పుస్తకములు చదివి తెలిసికొన్నది ఇక్కడ వ్రాస్తున్నాము. మన పాఠకుల ఇళ్ళలో ఇటువంటి కవరు అందుకొన్న ఇల్లు ఇదొక్కటే కాదని మాకు తెలుసు. విడాకులను సమర్థించుటకు ఇది వ్రాయుట లేదు. కాపురము నిలబెట్టుటకే మొదట ప్రయత్నించాలి. కాని ప్రయత్నము చేసే లోపలనే తీర్పు వచ్చి ఇంట్లో పడితే ఏమి చేస్తాము?

ఆ తల్లి అడిగిన ప్రశ్న పాతదే. లూకా సువార్త 23వ అధ్యాయములో పిలాతు, యేసు గలిలయుడని వినగానే ఆయనను హేరోదు దగ్గరకు పంపాడు. అపొస్తలుల కార్యములు 23వ అధ్యాయములో ఫేలిక్సు పౌలును చూచి మొదట విచారించినది నేరమును గూర్చి కాదు, అతని ప్రదేశమును గూర్చి. నా చేయి ఇతని మీదికి చాస్తుందా అని న్యాయాధిపతి ముందుగా తన్ను తాను అడుగుకోవాలి. పిలాతు అడిగినది న్యాయము కొరకా, బరువు దించుకొనుటకా అనేది వేరే ప్రసంగము.

అమెరికాలో 50 రాష్ట్రములు ఉన్నాయి. ప్రతి రాష్ట్రమునకు తన కోర్టులు, తన చట్టములు. పెండ్లి, విడాకులు రాష్ట్రముల చేతిలోని విషయములే. అయితే 1868లో వారి రాజ్యాంగమునకు చేర్చిన 14వ సవరణ, న్యాయమైన పద్ధతి పాటించకుండ ఏ రాష్ట్రమూ ఎవరి ప్రాణమునైనా స్వేచ్ఛనైనా ఆస్తినైనా తీసివేయరాదని కట్టడి చేసింది. తన సరిహద్దులో లేని మనిషిని ఒక రాష్ట్రపు కోర్టు ఎప్పుడు విచారించవచ్చును అనే చర్చ అంతా దాని మీదనే నడిచింది.

అందులో మొదటి పెద్ద కేసు మన పత్రిక పాఠకులు తప్పక తెలిసికొనదగినది. ఆరెగాన్ రాష్ట్రములో మిచెల్ అనే ప్లీడరు, నెఫ్ అనే ఆయన తనకు ఫీజు బాకీ ఉన్నాడని 1865లో దావా వేశాడు. బాకీ 300 డాలర్లకు లోపే. నెఫ్ ఆ రాష్ట్రములో లేడు, కాలిఫోర్నియాలో ఉన్నాడు. సమన్లు చేతికి ఇవ్వలేదు. దానికి బదులుగా ఒక పత్రికలో ఆరు వారములు ప్రకటన వేశారు. ఏ పత్రికలో అనుకొన్నారు? పసిఫిక్ క్రిస్టియన్ అడ్వకేట్ అనే మెథడిస్టు సంఘపు వారపత్రికలో! మన పత్రికవంటిదే. ప్రసంగముల మధ్య, సంఘ వార్తల మధ్య వేసిన ఆ ప్రకటన దూరాన ఉన్న నెఫ్ కంట పడుతుందని ఎవరు నమ్ముతారు? అతడు రాలేదు. 1866లో ఎక్స్‌పార్టీ తీర్పు వచ్చింది. పోర్ట్‌లాండ్ దగ్గర అతనికున్న సుమారు 300 ఎకరముల భూమిని వేలము వేస్తే మిచెల్ తానే పాడుకొని, పెన్నోయర్ అనే ఆయనకు అప్పగించాడు. 300 డాలర్ల బాకీకి 300 ఎకరములు! నెఫ్ తిరిగి వచ్చి 1874లో పెన్నోయర్ మీద దావా వేశాడు. 1878లో అమెరికా సుప్రీంకోర్టు నెఫ్ పక్షమున తీర్పు చెప్పింది. రాష్ట్రములో లేనివానికి, అక్కడ సమన్లు అందనివానికి, తనంతట తాను కోర్టుకు రానివానికి విరోధముగా సొమ్ము తీర్పు చెప్పే అధికారము ఆ రాష్ట్రపు కోర్టుకు లేదు. భూమి మీదికి పోవాలంటే దావా మొదటనే దానిని జప్తు చేసి ఉండవలసినది. మిచెల్ ఆ తరువాత సెనేటరు, పెన్నోయర్ ఆ రాష్ట్రపు గవర్నరు అయ్యారు. లోకరీతి అట్లే ఉంటుంది.

తరువాత రైళ్ళు, మోటారు బండ్లు వచ్చాయి. ఇక్కడ కూర్చుండి అక్కడ వ్యాపారము చేసే కంపెనీలు వచ్చాయి. ఇంటర్నేషనల్ షూ అనే చెప్పుల కంపెనీ ముఖ్య కార్యాలయము మిస్సోరీ రాష్ట్రపు సెయింట్ లూయీలో ఉన్నది. దూరాన ఉన్న వాషింగ్టన్ రాష్ట్రములో దానికి పదకొండు మొదలు పదముగ్గురు వరకు అమ్మకపు మనుషులు తిరిగేవారు. నమూనాగా వారు చూపేది జతలో ఒక్క చెప్పు మాత్రమే. ఆ మనుషుల కొరకు నిరుద్యోగ నిధికి డబ్బు కట్టుమని వాషింగ్టన్ రాష్ట్రము అడిగితే, మేము మీ రాష్ట్రములో లేము అని కంపెనీ వాదించింది. 1945లో సుప్రీంకోర్టు ఆ వాదమును ఒప్పుకొనలేదు. మనిషి అక్కడ లేకపోయినా, ఆ రాష్ట్రముతో తగినంత సంబంధము పెట్టుకొని లాభము పొందినవాడు అక్కడి కోర్టుకు జవాబు చెప్పవలసినదే. కాని ఆ సంబంధము, అతనిని అక్కడికి పిలుచుట అన్యాయము కాదనిపించేంత ఉండాలి. నేటికిని ఇదే కొలత.

ఈ కొలత కుటుంబముల మీదికి వస్తే ఎట్లుంటుందో 1978 నాటి ఒక తీర్పు చూపుతుంది. న్యూయార్క్‌లో కాపురమున్న భార్యాభర్తలు విడిపోయారు. తల్లి కాలిఫోర్నియాకు వెళ్ళింది. కుమార్తె తల్లి దగ్గర ఉంటానని అడిగితే తండ్రి విమానపు టికెట్టు కొని పంపించాడు. ఆ తరువాత తల్లి పిల్లల ఖర్చు పెంచుమని కాలిఫోర్నియా కోర్టులో ఆ తండ్రి మీద కేసు వేసింది. బిడ్డ కోరిక మన్నించి టికెట్టు కొన్నంత మాత్రాన తండ్రి ఆ రాష్ట్రపు కోర్టు చేతిలో పడడు అని సుప్రీంకోర్టు చెప్పింది. మాకు ఆ తీర్పు నచ్చింది. అయితే 1990లో వేరొక కేసులో, పని మీదను పిల్లలను చూచుటకును కాలిఫోర్నియాకు వెళ్ళిన తండ్రికి అక్కడే చేతికి సమన్లు ఇస్తే చెల్లుతుందని అన్నది. కాలు మోపిన నేల మీద సమన్లు అందితే తప్పించుకొనుట కష్టము.

ఇక మా అమ్మాయి సంగతి. ఇక్కడ మూడు ముడులు వేరువేరుగా విప్పుకోవాలి, కలిపి చూస్తే భయమే మిగులుతుంది. వివాహబంధమును రద్దు చేయుటకు భార్యాభర్తలలో ఒకరు ఆ రాష్ట్రములో నిజముగా స్థిరపడి ఉంటే చాలునని అమెరికా కోర్టులు అంటాయి. కాని ఎన్నడూ ఆ రాష్ట్రమునకు రాని భార్యకు రావలసిన భరణమును ఆ తీర్పు కొట్టివేయలేదు. అది 1957లోనే తేలిపోయింది. బిడ్డ విషయము మరొక దారి. 1997లో రూపొందించి దాదాపు అన్ని రాష్ట్రములు స్వీకరించిన చట్టము ప్రకారము, దావాకు ముందు ఆరు నెలలు బిడ్డ ఎక్కడ నివసించిందో అదే బిడ్డకు స్వస్థలము, విచారణకు మొదటి హక్కు అక్కడి కోర్టుదే. ఇతర దేశమును కూడ వారు ఒక రాష్ట్రముగానే లెక్కించాలి. మా పెద్దగారి మనుమరాలు ఈ ఊరి ఆసుపత్రిలో పుట్టి ఈ ఊరిలోనే నడక నేర్చింది.

అక్కడ విడాకులు చెల్లినా ఇక్కడ చెల్లుతాయా? దీనికి జవాబు మన తెలుగువారి కేసులోనే ఉన్నది. 1975లో తిరుపతిలో వివాహమైన దంపతులు 1978లో విడిపోయారు. భర్త అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రములో 90 దినములు నివసించాననే ఆధారముతో దావా వేశాడు. భార్య ఇక్కడనుండే, మీ అధికారమును ఒప్పుకొనను అంటూ జవాబు పంపింది. 1980లో ఆమె లేకుండగనే తీర్పు వచ్చింది. అతడు మరల పెండ్లి చేసికొన్నాడు. ఆమె ఇక్కడ క్రిమినల్ కేసు పెట్టింది. 1991లో మన సుప్రీంకోర్టు ఆ అమెరికా తీర్పు ఇక్కడ చెల్లదని, కేసు నడపవలసినదని చెప్పింది. ఏ చట్టము క్రింద పెండ్లి జరిగిందో ఆ చట్టము ఒప్పుకొనే కోర్టు, ఆ చట్టములో ఉన్న కారణము మీదనే తీర్పు ఇవ్వాలి. భార్య అక్కడే స్థిరనివాసి అయినా, తన ఇష్టముతో అక్కడి కోర్టుకు లోబడి వాదించినా, లేక విడాకులకు సమ్మతించినా సంగతి వేరు. తీర్పు జిరాక్సు ప్రతి కూడ చాలదన్నారు.

అది హిందూ వివాహ చట్టము క్రింది కేసే అయినా, ఆధారమైన సివిల్ ప్రొసీజర్ కోడ్ 13వ సెక్షను అన్ని మతములవారికి ఒక్కటే. కాపురము ఇక అతకదు అనే ఒక్క కారణము మన క్రైస్తవ విడాకుల చట్టములోను లేదు. 2001 సవరణ తరువాత, వివాహము జరిగిన చోటి జిల్లా కోర్టుకు కూడ వెళ్ళవచ్చును.

కవరు విషయము ప్లీడరుగారు నవ్వుతూ చెప్పారు. సమన్లు అందించుటకు దేశముల మధ్య ఒక ఒప్పందము ఉన్నది. 2007 నుండి అది మన దేశమునకు వర్తిస్తున్నది. తపాలాలో నేరుగా పంపే పద్ధతికి భారతదేశము అభ్యంతరము తెలిపింది. ఢిల్లీలోని న్యాయ మంత్రిత్వ శాఖ ద్వారా రావాలి. అయినా పొయ్యిలో వేయవద్దు అన్నారు. ఊరకుంటే అక్కడ ఎక్స్‌పార్టీ తీర్పు వస్తుంది, దానిని తీయించుట తరువాత ఖర్చుతో కూడిన పని. కవరును, దాని మీది తపాలా ముద్రను, వచ్చిన తేదీని దాచాలి. అల్లుడు ఫోనులో ఎంత మంచిగా మాట్లాడినా సమ్మతి కాగితముల మీద, వకాల్తా మీద చదువకుండ సంతకము చేయరాదు. గడువులోపల, అధికారము ఒప్పుకొనుట లేదనే మాటను మొట్టమొదట చెప్పించాలి. ముందు వాదములోనికి దిగి తరువాత ఆ మాట అంటే అక్కడి కోర్టులు వినవు.

మా పెద్దగారు పొలములో సగము ధాన్యము అమ్మిన డబ్బుతో ఆ రాష్ట్రములోనే ఒక ప్లీడరును పెట్టి, ఆ ఒక్క అభ్యంతరము వేయించారు. వివాహ రిజిస్టరు నకలు, బిడ్డ జనన ధృవపత్రము, బాప్తిస్మపు పత్రము జతపరచి పంపాము. అల్లుడికి మేము వేరుగా ఒక ఉత్తరము వ్రాశాము. దానికి ఇంకను జవాబు రాలేదు. అక్కడి కోర్టు వాయిదా వచ్చే నెలలో ఉన్నది. అమ్మాయి మాత్రము ప్రతి ఆదివారము బిడ్డను ఎత్తుకొని ముందు వరుసలోనే కూర్చుంటున్నది.