జవాబు చాలదు, లెక్క కావాలి

ఈ సంచికలో దేశం గురించి, యువత గురించి, నిరుద్యోగం గురించి వ్యాసాలు తప్పక ఉంటాయి. అవి రాయడానికి నాకంటే సమర్థులు మన కాలేజీలో చాలామంది ఉన్నారు. నేను మాత్రం చాలా చిన్న వస్తువును ఎత్తుకున్నాను. మన కంప్యూటర్లలో ఓ మూల పడి ఉండే క్యాలిక్యులేటర్! "దాని మీద రాయడానికేముందోయ్?" అని నవ్వే మిత్రులు చివరిదాకా చదివి, ఆ తర్వాతే నవ్వవలసిందిగా మనవి.

మూడో సంవత్సరంలో ఒక ప్రాక్టికల్ క్లాసు జరుగుతోంది. లెక్క సులువే. 40 టన్నుల బొగ్గు తూచి పక్కన పెట్టి ఉంది. ఇంకో 60 ఘనపు మీటర్ల బొగ్గు ఇంకా పొరలోనే ఉంది. ఘనపు మీటరుకు 1.5 టన్నుల చొప్పున దాన్ని కూడా కలిపి మొత్తం చెప్పాలి. నేను కంప్యూటర్‌తో పాటు వచ్చిన క్యాలిక్యులేటర్ తెరిచి 40 + 60 × 1.5 అని టకటకా కొట్టేశాను. 150 వచ్చింది. రికార్డులో 150 అని రాసి, కింద దర్జాగా రెండు గీతలు కూడా గీశాను.

సారు చూశారు. "130 రావాలె గదా! మిగిలిన ఇరవై టన్నులు ఏ బాయిల తవ్వుకొచ్చినవయ్యా?" అన్నారు. క్లాసంతా గొల్లుమంది.

ఆ నవ్వుకు నేనంత బాధపడలేదు. ఆ తర్వాత ఆయన అడిగిన రెండో ప్రశ్న దగ్గర తలొంచుకున్నాను. "ఎక్కడ తప్పినవో చూపెట్టు" అన్నారు. చూపెట్టడానికి నా దగ్గర ఏముంది? తెర మీద 150 అనే అంకె ఒక్కటే ఉంది. నేను ఏం కొట్టానో, ఏ వరుసలో కొట్టానో అక్కడ లేదు.

జరిగిందేమిటో తర్వాత తెలిసింది. క్యాలిక్యులేటర్లలో రెండు జాతులున్నాయి. ఒకటి, మనం మీట నొక్కినకొద్దీ అప్పటికప్పుడు లెక్క కట్టుకుంటూ పోతుంది. దానికి 40, 60 కలిపితే 100, దాన్ని 1.5తో గుణిస్తే 150. అంగట్లో వాడే చేతి క్యాలిక్యులేటర్ల పాత అలవాటు ఇది. విండోస్ క్యాలిక్యులేటర్‌లో స్టాండర్డ్ అనే పద్ధతి ఈ జాతిదే. రెండోది మొత్తం వాక్యాన్ని చదివి, గుణకారం ముందు, కూడిక తర్వాత అనే బడి నియమాన్ని పాటిస్తుంది. అదే విండోస్‌లో సైంటిఫిక్ పద్ధతికి మారితే 130 వస్తుంది. కనుక యంత్రం తప్పని నేననను. దాని తీరు తెలుసుకోకుండా నమ్మినవాణ్ణి నేనే, తప్పు నాదే. నా ఫిర్యాదు వేరే. తప్పును పట్టుకోవడానికి ఆనవాలు ఉండాలా, వద్దా?

ఇక్కడ మా బాపును తలుచుకోక తప్పదు. ఆయన సింగరేణిలో కోల్ ఫిల్లర్‌గా పనిచేసి దిగిపోయిన మనిషి. చదివింది ఐదో తరగతి. కాని జీతం చీటీ చేతికొచ్చిన రోజున పాత క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి, పెన్సిల్ తీసుకుని కూర్చునేవాడు. మస్టర్లు ఎన్ని, ప్లేడేలు ఎన్ని, ఓటీ ఎంత, కోతలు ఎంత - ఒక్కొక్కటి ఒక్కో వరుసలో రాసుకుని కూడేవాడు. "చీటీల మొత్తం రాసే ఉంది గదా బాపూ" అంటే, "మొత్తం ఎవడన్న రాస్తడు బిడ్డా, ఎట్ల వచ్చిందో తెల్వాలె గదా" అనేవాడు. ఇంజనీరింగు చదివే కొడుక్కి లేని బుద్ధి ఆ పెన్సిలుకు ఉంది. కాదంటారా?

ఆ బుద్ధి ఉన్న క్యాలిక్యులేటర్లు కంప్యూటర్‌లోకి కూడా వచ్చి చాలాకాలమైంది. వాటికి పైసా ఖర్చు లేదు. నేను వాడుతున్నది స్పీడ్‌క్రంచ్. ఇండోనేషియాకు చెందిన అరియా హిదాయత్ మొదలుపెడితే తర్వాత అనేకులు చేయి వేశారు. ఇందులో మీటల బొమ్మల మీద మౌసుతో పొడవనక్కరలేదు. కాగితం మీద రాసినట్టు లెక్కను ఒక వాక్యంగా కొట్టాలి. ఎంటర్ నొక్కకముందే జవాబు కనిపిస్తూ ఉంటుంది. నొక్కాక లెక్క, జవాబు రెండూ ఒకదాని కింద ఒకటిగా తెర మీద నిలిచిపోతాయి. 1.5 కాదు, 1.4 అని తెలిసిందనుకోండి. పై బాణం నొక్కి పాత వాక్యాన్ని రప్పించి, ఆ ఒక్క అంకె దిద్దితే 124 వస్తుంది. ఒక విలువకు పేరు పెట్టి దాచుకోవచ్చు. లెక్క చివర ప్రశ్నార్థకం పెట్టి, ఇది ఫలానా పొర లెక్క అని పక్కన ఒక మాట రాసుకోవచ్చు. పెన్‌డ్రైవ్‌లో వేసుకుపోయే కూర్పు కూడా ఉంది. ఇది బాపు క్యాలెండర్ కాగితం కాక మరేమిటి?

కొలమానాలతో కుస్తీ పట్టేవారికి క్వాలిక్యులేట్ అని మరొకటి ఉంది. అడుగులూ సెంటీమీటర్లూ ఒకే వాక్యంలో కలిపి రాసినా సరిగ్గా కూడి పెడుతుంది. కొలతలో ఉన్న అనిశ్చితి జవాబులో ఎంత తేలుతుందో కూడా చెబుతుంది. సర్వేయింగ్ ప్రాక్టికల్స్ చేసేవారికి దీని విలువ నేను చెప్పనక్కరలేదు.

"కంప్యూటర్‌తో వచ్చినదానిలో కూడా హిస్టరీ ఉంది కదా" అని మిత్రుడొకడు వాదించాడు. నిజమే, ఉంది. విండోస్ 10, 11లలో పాత లెక్కలు పక్కన కనిపిస్తాయి. కాని క్యాలిక్యులేటర్ మూసేస్తే అవి పోతాయి. రేపు సారు అడిగితే ఏం చూపిస్తాం?

"అయినా పెద్ద కంపెనీ చేసింది తప్పుతుందా?" అన్నాడు ఇంకొకడు. నాలుగుకు వర్గమూలం రెండు. అందులోంచి రెండు తీసేస్తే సున్నా. విండోస్ క్యాలిక్యులేటర్ ఎన్నో ఏళ్లపాటు ఇక్కడ సున్నాకు బదులు, సున్నాకు అతి దగ్గరగా ఉన్న ఒక ఋణ సంఖ్యను చూపేది. 2018లో దాన్ని సరిదిద్దారు. మరుసటి ఏడాది, 2019 మార్చిలో, ఆ కంపెనీయే తన క్యాలిక్యులేటర్ సోర్స్ కోడ్‌ను అందరికీ విప్పి చూపెట్టింది. ఇది మెచ్చుకోవలసిన పని. లెక్క కట్టే తీరు నలుగురి కళ్ల ముందు ఉండాలన్న మాట ఇవాళ ఎవరూ కాదనడం లేదన్నమాట!

ఆ మాటను ఉద్యమంగా ఎత్తుకున్నది రిచర్డ్ స్టాల్‌మన్. 1983లో ఆయన గ్నూ ప్రాజెక్టును ప్రకటించాడు. ఆయన చెప్పిన ఫ్రీ అనే మాటకు ఉచితం అని కాదు, స్వేచ్ఛ అని అర్థం. వాడుకునే స్వేచ్ఛ, విప్పి చూసే స్వేచ్ఛ, దిద్దే స్వేచ్ఛ, పదిమందికి పంచే స్వేచ్ఛ. మన తెలుగునాట ఆ పేరుతోనే ఉన్న స్వేచ్ఛ సంస్థ ఈ భావాన్ని ఇంజనీరింగ్ కాలేజీలదాకా తెచ్చింది, తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ కూడా రూపొందించింది.

ఈ సాఫ్ట్‌వేర్లలో లోపాలు లేవని నేననను. స్పీడ్‌క్రంచ్ 0.12 కూర్పు 2016లో వచ్చింది. జీతం లేని చేతులు తీరిక దొరికినప్పుడు చేసే పని నిదానంగానే నడుస్తుంది. పరీక్ష హాల్లోకి ఇవేవీ రానివ్వరు, అక్కడ చేతి క్యాలిక్యులేటరే దిక్కు. అయితే పరీక్ష మూడు గంటలే. మనలో కొందరు రేపు ఈ రామగిరి చుట్టుపక్కల గనుల్లోనే ఉద్యోగం చేస్తారు. గాలి ఎంత పంపాలి, కప్పుకు ఎంత ఆధారం పెట్టాలి అని లెక్క కడతారు. ఆ అంకె మీద భరోసాతో కింద మనుషులు దిగుతారు. మా బాపులాంటి వాళ్లు. అక్కడ 150కీ 130కీ ఉన్న తేడా నవ్వులాట కాదు. ఆ అంకె ఎలా వచ్చిందో పక్క షిఫ్టు వచ్చినవాడికి కూడా కనబడాలి.

అందుకని యూనియన్ మిత్రులకు, అధ్యాపకులకు నా విన్నపాలు మూడు. ఒకటి, ల్యాబ్ కంప్యూటర్లన్నింటిలో ఇలాంటి స్వేచ్ఛా క్యాలిక్యులేటర్ ఒకటి వేయించాలి. రెండు, రికార్డులో జవాబుతో పాటు కొట్టిన లెక్క వాక్యం కూడా రాయాలన్న నియమం పెట్టాలి, మార్కులు దానికే ఎక్కువ ఇవ్వాలి. మూడు, వీటిలో ఒకదాని మెనూలను తెలుగు చేసే పనిని చివరి సంవత్సరం వాళ్లు ప్రాజెక్టుగా తీసుకోవాలి. సోర్స్ కోడ్ చేతిలో ఉంది, ఎవరినీ అనుమతి అడగనక్కరలేదు.

సంచికకు రాస్తున్నానని చెబితే మా బాపు దేని మీద అని అడిగాడు. చెప్పాను. కాసేపు ఆలోచించి, "గా కంప్యూటర్ల వరుసలన్నీ కనవడ్తయా?" అన్నాడు. కనబడతాయని చూపించాను. కళ్లజోడు సవరించుకుని ఒక్కో వరుసా చదివి, తలూపాడు.