ట్రేసింగ్ షీటు మీది గురువు

గుడిమల్కాపూర్‌కు పూల మార్కెట్‌తోనే తెల్లవారుతుంది. బంతి, చామంతి మూటలు దిగుతుండగానే ఝాంసింగ్ గుడికి జనం రాక మొదలవుతుంది. 19వ శతాబ్ది తొలినాళ్లలో, నిజాం సికిందర్ జా కొలువులో ఉన్న ఝాంసింగ్ కట్టించిన వేంకటేశ్వరుడి కోవెల అది. దగ్గర్లోనే ఆయన కట్టించిన మసీదూ ఉంది. రెండు వందల ఏళ్లయినా కట్టించినవాడి పేరు జనం నోట నానుతూనే ఉంది. ఆ గోపురానికి కొలతలు వేసినవాడి పేరు ఎవరూ తలవరు. వాడికి నూలుదారం పట్టడం నేర్పిన గురువు సంగతి ఇక చెప్పేదేముంది!

కావ్యం మొదట గురువును తలుచుకునే ఆచారం మనది. కట్టడానికి ఆ ఆచారం లేదు. శిలాఫలకం మీద మంత్రి పేరుంటుంది, అధికారుల పేర్లుంటాయి. ఆర్కిటెక్టు పేరుంటే అదృష్టం. ఆ ఆర్కిటెక్టుకు చూపునిచ్చిన అధ్యాపకుడు ఏ రాతి మీదికీ ఎక్కడు.

గుడిమల్కాపూర్ నుంచి మెహదీపట్నం దాటితే మాసబ్‌టాంక్. 1940లో మొదలైన ప్రభుత్వ చిత్రకళా పాఠశాల వారసత్వం ఇప్పుడు అక్కడుంది. ఆ బడి పెరిగి లలితకళలు, వాస్తుశిల్పం కలిసి నేర్పే కళాశాల అయింది. 1972లో జేఎన్‌టీయూ ఏర్పడ్డాక దాని గొడుగు కిందికి వెళ్లింది. 2008లో జవహర్‌లాల్ నెహ్రూ పేరిట ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంగా నిలిచింది. తోట వైకుంఠం, లక్ష్మాగౌడ్ ఈ నీడలో చదివినవారే.

ఇక్కడి గురుపరంపర ఒకటి చెప్పుకోవాలి. మెహదీపట్నానికి పేరిచ్చిన నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ బంజారాహిల్స్‌లో బండరాళ్లను తొలగించకుండా వాటి నడుమే ఇల్లు కట్టుకున్న మనిషి. ఓరుగల్లు ప్రాంతపు పెనుగొండలో 1924లో పుట్టిన కొండపల్లి శేషగిరిరావు చేతిలో కళ ఉందని గుర్తించి ఆదుకున్నదీ ఆయనే. శేషగిరిరావు హైదరాబాద్ చిత్రకళా పాఠశాలలో చదివి, శాంతినికేతన్ వెళ్లి నందలాల్ బోస్ దగ్గర నేర్చుకున్నారు. తిరిగొచ్చి దశాబ్దాల పాటు ఇక్కడే పాఠం చెప్పారు. చేర్యాల నకాషీ పటాల విలువను లోకానికి చాటినవారిలో ఆయనొకరు. 2012లో కన్నుమూశారు. చిత్రకారుడిగా ఆయన మనకు బాగానే తెలుసు. అధ్యాపకుడిగా తెలిసింది తక్కువ. బొమ్మ గోడకెక్కుతుంది, పాఠం గాలిలో కలుస్తుంది.

ఆర్కిటెక్చర్ పాఠమైతే మరీను. అక్కడ అసలు చదువు పుస్తకంలో ఉండదు, స్టూడియోలో ఉంటుంది. విద్యార్థి రాత్రంతా కూర్చుని గీసిన ప్లాను మీద అధ్యాపకుడు ట్రేసింగ్ షీటు పరుస్తాడు. పెన్సిల్ తీస్తాడు. వాన ఎటు నుంచి కొడుతుంది? మధ్యాహ్నం ఎండ ఈ గదిలో ఎంత దూరం వస్తుంది? మోకాళ్ల నొప్పులున్న ముసలమ్మ ఈ మెట్లు ఎలా దిగుతుంది? ఒక్కో ప్రశ్నకు ఒక్కో గీత. గోడ జరుగుతుంది, కిటికీ తిరుగుతుంది, విద్యార్థి కళ్లు తెరుచుకుంటాయి. జ్యూరీ ముందు ప్లాను పరీక్ష ముగిశాక ఆ షీటు చెత్తబుట్టలోకి పోతుంది. ఒక గురువు జీవితకాలపు రచన ఇలా రోజూ పారిశుద్ధ్య బండి ఎక్కుతోంది.

అందరు గురువులకూ ఇదే గతి పట్టలేదు. ఆర్కిటెక్టు బాలకృష్ణ దోషి 1962లో అహ్మదాబాద్‌లో ఆర్కిటెక్చర్ బడి పెట్టారు. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ ఉద్యోగుల కాలనీకి రూపమిచ్చిందీ ఆయనే. 2018లో ఆర్కిటెక్చర్ రంగపు ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్న తొలి భారతీయుడు. ఆయన కట్టడాల గురించి మాట్లాడేవారెవరూ ఆయన బడిని మరిచిపోరు. మన అధ్యాపకులకు ఆ మాత్రం తలపైనా దక్కాలి కదా.

దక్కకపోవడంలో మన భాషకూ పాలుంది. ‘వాస్తు’ అన్న మాటను ఈశాన్యం మూలకూ వంటగది దిక్కుకూ కట్టేసి కూర్చున్నాం. వెలుతురు, గాలి, నీళ్ల వాలు, మనిషి నడక గురించి క్లాసులో చెప్పే అసలైన వాస్తుకు తెలుగులో చోటే ఇవ్వలేదు. సాహిత్య పత్రికలకూ ఇందులో మినహాయింపు లేదు. కవి గురువుల మీద ప్రత్యేక సంచికలు తెచ్చాం. గోడ ఎక్కడ ఆగాలో చెప్పిన గురువు మీద ఒక పేజీ వేసిన గుర్తు మాకూ లేదు.

పదవీ విరమణ రోజున కప్పే శాలువా వల్ల ఈ లోటు తీరదు. విశ్వవిద్యాలయాలు స్టూడియో కాగితాలను దాచాలి. విద్యార్థులు టేపు పట్టి కొలిచి గీసిన పాత గుళ్ల, మసీదుల, ఇళ్ల కొలత పటాలకు ఒక భాండాగారం కావాలి. రేపు ఏ కట్టడమైనా కూలితే మిగిలేది ఆ కాగితమే.

చదువరులలో ఆర్కిటెక్టులు, డిజైనర్లు ఉంటే ఒక విన్నపం. మీ గురువు గీసిన ట్రేసింగ్ షీటు ఒక్కటైనా ఇంట్లో అటక మీద ఉండే ఉంటుంది. దాన్ని దింపండి. ఆ గీత మీకేం నేర్పిందో రెండు పేజీల్లో, తెలుగులో రాసి పంపండి. వచ్చే సంచికలో వాటికి చోటు ఉంచుతున్నాం.