టాకీ కాస్తా మూకీ అయితే?

తెలుగు సినిమాకి నోరొచ్చింది 1932లో, హెచ్.ఎం.రెడ్డిగారి "భక్త ప్రహ్లాద"తో. అంతకుముందు అన్నీ మూకీలే! తొంభై ఏళ్లు దాటాక ఇప్పుడు మన ఇళ్లలో కొన్ని బొమ్మలు మళ్లీ మూగనోము పట్టాయి. ఇంట్లో కంప్యూటర్ మీద రాసుకున్న పెళ్లి డిస్కుల సంగతి నేను చెప్పేది. బొమ్మ చక్కగా ఆడుతూనే వుంటుంది, మాట మాత్రం ఠక్కున ఆగిపోతుంది.

ఈ వారం ఉత్తరం గట్టు నుంచి. 2006లో, ఆ వూరు ఇంకా మహబూబ్‌నగర్ జిల్లాలో వున్నప్పుడు, ఈ పాఠకుడి అక్క పెళ్లి జరిగింది. మేనమామ చిన్న కెమెరాతో తీసి, తనే వీసీడీకి ఎక్కించాడట. అప్పగింతల వేళ అవ్వ పాడిన పాట అందులో వుంది. అవ్వ ఇప్పుడు లేదు. పాటలో మూడుచోట్ల ఆమె గొంతు మాయం. "అన్నా! టీవీ మార్చాలా, డిస్కు పారెయ్యాలా?" అని ప్రశ్న.

రెండూ వద్దు తమ్ముడూ! శబ్దం పోవడం వేరు, వినిపించకపోవడం వేరు. ముందు ఆ తేడా తేల్చుకో.

గట్టులో వుండేవాడికి గద్వాల చీర గురించి నేను చెప్పాలా? నడుమంతా నూలు, అంచూ కొంగూ పట్టు. రెంటినీ మగ్గం మీదే జోడిస్తారు. వీసీడీలోనూ అంతే. సెకనుకి 1150 కిలోబిట్ల బొమ్మ, 224 కిలోబిట్ల శబ్దం కలిపి నేస్తారు. శబ్దం సెకనులో నలభయ్యో వంతుకన్నా కాస్త పెద్ద ముక్కలుగా వుంటుంది. కొన్ని ముక్కలు చెడితే ప్లేయర్ అక్కడ నోరు మూసుకుంటుంది. బొమ్మ చెడితే గళ్లుగళ్లుగా కనిపిస్తుంది, కన్ను సర్దుకుపోతుంది. చెవి అలా సర్దుకోదు సుమా!

ఇక పరీక్ష. పాటని మూడుసార్లు వేసి, గొంతు ఆగిన నిమిషం, సెకను కాగితం మీద రాసుకో. ఒక్కోసారి ఒక్కోచోట ఆగితే అనుమానం ప్లేయర్ మీదా, తీగల మీదా. ఎరుపు, తెలుపు పిన్నులు గట్టిగా నొక్కి చూడు, వేరే ప్లేయర్లో వేసి చూడు. ప్రతిసారీ అదే సెకనులో ఆగితే దోషం డిస్కులోనో, అందులోకి ఎక్కిన ఫైలులోనో వుంది.

అది తేల్చడానికి డిస్కుని కంప్యూటర్లో పెట్టి మొత్తం కాపీ చెయ్యి. మధ్యలో మొరాయిస్తే డిస్కు గీతలో, లోపలి రంగుపూత పాడవడమో కారణం. మెత్తని నూలుగుడ్డతో మధ్య నుంచి అంచుకి నిటారుగా తుడువు. గుండ్రంగా తుడవకు! సమాచారం గుండ్రంగా రాసి వుంటుంది. దాని వెంబడి పడే గీతే ఎక్కువ ప్రమాదం. పేరు రాసిన వైపు గోకడం, బాల్‌పెన్నుతో రాయడం అసలే పనికిరాదు, సీడీలో అద్దంపూత ఆ పక్కనే వుంటుంది. ఒక డ్రైవ్ చదవనిది ఇంకోటి చదవచ్చు. ఇద్దరు ముగ్గురు స్నేహితుల కంప్యూటర్లు తిరుగు.

అడ్డు లేకుండా కాపీ అయి, అక్కడే మళ్లీ ఆగిందా? అంటే రాసేటప్పుడే తప్పిందన్నమాట. ఆనాటి డిజిటల్ కెమెరాల్లో శబ్దానికి 32 కిలోహెర్ట్‌జ్, 48 కిలోహెర్ట్‌జ్ అని రెండు పద్ధతులుండేవి. వీసీడీ అడిగేది 44.1. మార్పిడి సరిగ్గా జరక్కపోతే శబ్దం జారిపోవడం, తెగడం మామూలే. అప్పుడు నీ దిక్కు డిస్కు కాదు, మామయ్య పెట్టెలోని చిన్న క్యాసెట్టు. అది దొరికితే అవ్వ గొంతు పూర్తిగా దొరికే ఆశ వుంది.

మళ్లీ రాసుకునేవాళ్లకి రెండు మాటలు. డీవీడీ అయితే శబ్దం 48 కిలోహెర్ట్‌జ్‌లో వుండాలి. బొమ్మనీ శబ్దాన్నీ హద్దు దాకా కుక్కితే పాత ప్లేయర్లు తట్టుకోవు. డిస్కు మీద ఎంత వేగం అచ్చేసినా, దానికి సగంలో రాసి, చివర సరిచూసే మీట తప్పక నొక్కండి.

అన్నిటికన్నా ముందు, చదవగలిగినంత ఇవాళే కాపీ చేసి రెండుచోట్ల దాచుకోండి. ఎండా వేడీ ఆ రంగుపూతకి శత్రువులు, మన పాలమూరు ఎండలు మీకు తెలుసు కదా!

క్యాసెట్టు కూడా దొరకలేదనుకో తమ్ముడూ, ఇంట్లో పెద్దవాళ్లని కూర్చోబెట్టి ఆ పాట వినిపించు. గొంతు ఆగినచోట ఏ మాట వుండేదో అమ్మకో, పెద్దమ్మకో తెలిసే వుంటుంది. వాళ్లచేత పాడించి, వెంటనే రికార్డు చెయ్యి.