రిట్రీటుకు వెళ్తున్నారా? చక్కెర పొట్లం మరవకండి!

నిజామాబాదు, బోధన్‌ల నుంచి చర్చి, స్కూలు సిబ్బందిని అలీసాగర్‌కు రిట్రీటుకు తీసుకెళ్ళదలచారా? బస్సు మాట్లాడే ముందే ఎవరెవరికి మధుమేహం ఉందో కనుక్కోండి. నలుగురిలో అడిగితే చెప్పరు; విడిగా అడగండి.

ఇన్సులిన్ గాని, కొన్ని రకాల షుగరు మాత్రలు గాని వాడేవారు ఉపవాస ప్రార్థనలో కూర్చున్నా, భోజనం ఆలస్యమైనా రక్తంలో చక్కెర పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండెదడ, తికమక కనిపిస్తే ఉపవాస నీరసమేనని ఊరుకోకండి. వెంటనే మూడు టీస్పూన్ల చక్కెర నీళ్ళలో కలిపి తాగించండి. 15 నిమిషాల్లో తేరుకోకపోతే మళ్ళీ ఇవ్వండి. తేరుకున్నాక భోజనం పెట్టండి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

ఉపవాసం ఉండదలచినవారు మందుల సంగతి ముందుగా డాక్టరును అడగాలి, సొంతంగా మానేయకూడదు.